ఉమ్మి కాదు, తెమడ

జులై 8, మంగళవారం

మా ఆయన సుకుమార్‌కు బ్యాంకులో ఇచ్చిన డైరీ ఇది. సగం ఏడాది ఖాళీగానే పోయింది. ఎవరికైనా చెప్పుకుందామంటే నోరు రావడం లేదు కాబట్టి ఇందులో రాసుకుంటున్నాను. రాస్తే కాస్త నెమ్మదిస్తుందేమో చూడాలి.

దగ్గు గురించే. జూన్‌లో ఈ ఉద్యోగం కోసం భద్రాచలం వచ్చిన కొత్తలో పట్టుకుంది. ఈ కిరాయి గదికి అప్పుడే సున్నం వేశారు, ఆ ఘాటుకు వచ్చిందనుకున్నాను. సున్నం వాసన పోయింది, దగ్గు పోలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోంది. థర్మామీటరు పెట్టుకోలేదు. పెట్టుకుంటే తెలుస్తుంది కదా.

ఏటి అవతల అడవి పక్కనున్న దవాఖానాకు రోజూ బస్సులో పోయి రావాలి. దారంతా దుమ్ము, వానొస్తే తడి. దగ్గుకు అదే కారణమనుకుందాం. టీబీ పరీక్షల ఖర్చు లెక్కగట్టే మా పనిలో ఈ మాట తెగ వాడతాం. ఏదైనా వివరం దొరక్కపోతే ఆ గడిలో 'అనుకున్నది' అని రాసి ముందుకు పోతాం. మిషన్ ఏడేళ్ళు పనిచేస్తుందనుకుందాం. కరెంటు రోజుకు ఇంత కాలుతుందనుకుందాం. అలాగే ఇది దుమ్ము దగ్గు అనుకుందాం.

సాహి నా పక్కన పడుకుని పాలు తాగుతూ కాలితో నన్ను తంతోంది. పది నెలల పిల్లకు ఇంత బలం ఎక్కడిదో.

జులై 10, గురువారం

ఈరోజు అత్తమ్మ నవ్వించింది. కొడుకును ఖమ్మంలో, ఖానాపురం హవేలి ఇంట్లో ఒంటరిగా వదిలేసి, పిల్లను చూసుకోవడానికి నాతో ఇక్కడికి వచ్చింది కదా. నేను రోజంతా చేసే పని ఏమిటో ఆమెకు ఇప్పటికీ అంతు పట్టలేదు.

"టీబీ పరీక్ష సర్కారు దవాఖానాల ఊకెనే చేస్తరు గద. ఊకెనే చేసేదానికి ఖర్చు లెక్కేందే గ్రేసూ? దానికి నీకు జీతమా?"

జనానికే ఉచితం, సర్కారుకు కాదు అని చెప్పాను. ల్యాబ్ అతని జీతం, స్లైడుకు పూసే రంగు మందులు, మిషన్‌లో పెట్టే చిప్పు, గది, కరెంటు, అన్నీ కలిపి ఒక్క పరీక్షకు నిజంగా ఎంత పడుతుందో తేలిస్తే, అడవి ఊళ్ళకు ఎన్ని మిషన్లు పంపొచ్చో హైదరాబాదులో కూర్చున్నవాళ్ళకు తెలుస్తుందని చెప్పాను.

"అయితే నువ్వు తేల్చేదాక ఈళ్ళు దగ్గుకుంట కూసోవాల్నా?"

నవ్వాను. నవ్వితే దగ్గు తెర వచ్చింది. అత్తమ్మ నవ్వు ఆపి నన్నే చూస్తూ కూర్చుంది. అలా చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

జులై 11, శుక్రవారం

ల్యాబ్ టెక్నీషియన్ సోమ్లా మంచి పిల్లవాడు. తండా నుంచి చదువుకుని వచ్చి కాంట్రాక్టు ఉద్యోగం చేస్తున్నాడు. ఏ పనికి ఎంతసేపు పడుతుందో చూడాలి కాబట్టి నేను పక్కన నిలబడి ఫోనులో టైము నొక్కుతుంటాను. పాపం, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు బిగుసుకుపోతాడు. ఎన్నిసార్లు చెప్పినా నన్ను పరీక్షాధికారి అనే అనుకుంటున్నాడు.

ఈరోజు బొజ్జయ్య అని ఒక కోయ ముసలాయన వచ్చాడు. డబ్బా ఇచ్చి పంపితే నురగ నురగగా ఏదో తెచ్చాడు. సోమ్లా దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"తాతా, గిది ఉమ్మి. ఉమ్మి కాదు, తెమడ కావాలె. లోపట్కెల్లి రావాలె."

ముసలాయన మళ్ళీ వెళ్ళి మళ్ళీ ఉమ్మే తెచ్చాడు. సోమ్లా విసుక్కోలేదు. ఆయన్ను గోడ వెనకకు, ఆరుబయటికి తీసుకుపోయి, తాను గట్టిగా ఊపిరి పీల్చి, పొట్ట పట్టుకుని దగ్గి చూపించాడు. "గట్ల కాదు తాతా, గిట్ల." మూడోసారి చిక్కటి తెమడ వచ్చింది. సోమ్లా మొహం చూడాలి, లాటరీ తగిలినట్టుంది.

"ఇగో మేడం, శాంపిల్ అంటే గిది. ఉమ్మి పెడితే మిషన్ల ఏం దొరకది. రోగం ఉన్నా లేదనే వస్తది. గందుకే వాపస్ పంపుత."

వెనక్కి పంపిన నమూనాలకు ఒక గడి పెట్టాలని రాసుకున్నాను. డబ్బా ఖర్చు, సోమ్లా సమయం. మిగతాది కూడా విన్నాను.

జులై 13, ఆదివారం

నిన్న సుకుమార్ వచ్చాడు. ఈ పొద్దున అందరం చర్చికి పోయాం. పూజ మధ్యలో దగ్గు ఆగలేదు. ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

అన్నాల దగ్గర అత్తమ్మ మొదలుపెట్టింది. "దగ్గు తగ్గేదాక పిల్ల నా దగ్గర పండుతది. పాలు గూడ బంద్ పెట్టు. డబ్బా పాలు పోద్దాం."

సుకుమార్ చారన్నం కలుపుకుంటూ ఉండిపోయాడు. కలిపిందే కలుపుతున్నాడు. నాకు కోపం ముంచుకొచ్చింది. "మామూలు దగ్గుకు ఇంత రాద్ధాంతమా" అన్నాను.

అప్పుడు చెప్పింది. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ చెప్పలేదు. "మా అమ్మకు గిట్లనే దగ్గుండె. కూసుమంచిల మా నాయనమ్మ ఆమెను గొడ్ల కొట్టంల పండబెట్టింది. కంచం కట్టెతోని నూకేది. అమ్మ నన్ను పిలిచేది, సంపూర్ణా, ఒక్కసారి రాయే అని. నన్ను పోనియ్యలే. పాణం పోయినంక గూడ దగ్గరికి పోనియ్యలే. నాకు భయం బిడ్డా. నీ మీద కోపం గాదు, భయం."

సాహిని ఆమె చేతుల్లో పెట్టాను.

జులై 14, సోమవారం

ఛాతీ రాయిలా గట్టిపడింది. తలుపు అవతల సాహి ఏడుస్తోంది. డబ్బా పాలు తాగనంటోంది.

జులై 15, మంగళవారం

"పొద్దంత ఆ దవాఖానాలనే ఉంటవ్. ఒక్కసారి పరీక్ష చేపిచ్చుకో. ఏం లేదని కాగితం తే, పిల్ల నీదే" అంది అత్తమ్మ.

ఉంటే? ఉంటే ఆరు నెలల మందులు. ఆరు నెలలు పిల్లను ముట్టుకోనివ్వరు. ఆరు నెలల్లో సాహి నడుస్తుంది, మాట్లాడుతుంది, అత్తమ్మనే అమ్మా అంటుంది. నన్ను ఎవరో అనుకుని మొహం తిప్పుకుంటుంది. నన్ను కొట్టంలో వేయరు, ఈ కాలంలో కొట్టాలు లేవు. ఆ వెనక గదిలో మంచం వేస్తారు. అంతే కదా తేడా.

నాకు కాగితం కావాలి.

జులై 16, బుధవారం

చేయించుకున్నాను. 'లేదు' అని వచ్చింది.

ఎలా జరిగిందో కూడా రాసుకుంటాను, ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ. డబ్బా అడిగితే సోమ్లా కంగారుపడ్డాడు. "మీకెందుకు మేడం?" అన్నాడు. మా అత్తమ్మ తృప్తి కోసమని నవ్వాను. గోడ వెనకకు పోయాను. నోరు పుక్కిలించాను. దగ్గు వచ్చింది. ఆపుకున్నాను. గొంతులోకి వచ్చినదాన్ని మింగేశాను. నోట్లో ఊరినదాన్ని డబ్బాలోకి వదిలి మూత పెట్టాను.

సోమ్లా డబ్బాను వెలుతురుకు ఎత్తి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నా చేతిలో ఫోను ఉంది, టైము నడుస్తోంది. "సరే మేడం" అన్నాడు. మిషన్‌లో పెట్టాడు.

కాగితం ఫొటో తీసి సుకుమార్‌కు పంపాను. దండాల బొమ్మలు వరసగా పంపాడు. అత్తమ్మ మరియ తల్లి పటానికి దండం పెట్టి, సాహిని తెచ్చి నా పక్కలో పడుకోబెట్టింది. తాగి తాగి నిద్రపోయింది చిట్టితల్లి. ఇంకేం కావాలి నాకు.

జులై 17, గురువారం

ఉమ్మిలో కూడా ఒక్కోసారి దొరుకుతుందట. ఫోనులో చూశాను. అంటే నాకు ఉండి ఉంటే దొరికేదే. దొరకలేదు కాబట్టి లేదు. అలా అనుకుందాం.

జులై 21, సోమవారం

హైదరాబాదు నుంచి మా పెద్దసారు వెంకటనారాయణ గారు ఫోను చేశారు. అంచనా పట్టిక పంపాను కదా, చూశారట. మెచ్చుకున్నారు. తర్వాత ఒక్క ప్రశ్న వేశారు.

"వెనక్కి పంపిన నమూనాల ఖర్చు బాగా పట్టుకున్నావమ్మా. మరి వెనక్కి పంపాల్సి ఉండీ పంపకుండా పరీక్ష చేసినవి? రోగం ఉన్నా లేదని కాగితం చేతికిచ్చినవి? ఆ మనిషి ఇంటికి పోయి ఇంకా నలుగురికి అంటిస్తాడు. ఆ ఖర్చు ఏ పద్దు కింద వేశావు?"

"అలాంటివి ఉండవు సార్. మా టెక్నీషియన్ చాలా జాగ్రత్త."

"ఉండవా, కనబడవా?"

ఆయన మామూలుగానే అడిగారు. నేను ఫోను పెట్టేసి పట్టిక తెరిచాను. ఆ గడి పెట్టాను. ఖాళీగా వదిలేశాను.

జులై 24, గురువారం

పాలిచ్చేటప్పుడు మూతికి చున్నీ కట్టుకుంటున్నాను. అదేమిటని అడిగింది అత్తమ్మ. దోమలన్నాను. మూతికే కుడతాయా దోమలు! ఆమె నమ్మింది. కాగితం చూసినప్పటి నుంచీ ఏం చెప్పినా నమ్ముతోంది. నాకు అదే భయంగా ఉంది.

జులై 28, సోమవారం

ఈరోజు దవాఖానా బెంచీ మీద ఒకామె కూర్చుని ఉంది. నా వయసే ఉంటుంది. మూతికి మాస్కు, ఒడిలో చంటిబిడ్డ పాలు తాగుతోంది, పక్కన టీబీ మాత్రల పాకెట్టు. నేను అక్కడే నిలబడిపోయాను.

నర్సు రాజ్యశ్రీని పక్కకు పిలిచి, స్టడీ కోసమని అడిగాను. టీబీ ఉన్న తల్లికి పాలు ఆపించరా అని.

"ఎందుకు బంద్ చేపిస్తం మేడం? మందు మింగుకుంట, మూతికి గుడ్డ కట్టుకోని పాలియ్యొచ్చు. బిడ్డను గూడ చూస్తం. రోగం లేకుంటే రాకుండ మందిస్తం. తల్లిని పిల్లను ఎవలన్న ఎడబాపుతరా?"

ఎవరూ ఎడబాపరట. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. రోజూ ఈ మనిషి పక్క గదిలోనే కూర్చుని కరెంటు లెక్కలు రాసుకున్నాను కానీ నోరు తెరిచి ఒక్క మాట అడగలేదు.

ఇప్పుడు మళ్ళీ పరీక్ష చేయించుకోవాలంటే ఎందుకో చెప్పాలి. తెలిసీ ఉమ్మి ఇచ్చానని చెప్పాలి. సుకుమార్‌కు చెప్పాలి. కట్టెతో కంచం నెట్టడం చూస్తూ పెరిగిన ఆమెకు చెప్పాలి. రోగం కంటే ఇదే ఎక్కువ భయమేస్తోంది.

జులై 29, మంగళవారం

రేపు చెప్తాను.

జులై 30, బుధవారం

గోదావరి పెరిగింది. మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. అవతలికి బస్సులు ఆపేశారు. దవాఖానాకు పోయే పని లేదు, ఎవరికీ ఏమీ చెప్పే పని లేదు. నీళ్ళు ఇంకో రెండు రోజులు తగ్గకపోతే బాగుండు అనుకున్నాను. కరకట్ట కింద ఇళ్ళవాళ్ళు సామాను నెత్తిన పెట్టుకుని బడికి పోతుంటే కిటికీలోంచి చూస్తూ అలా అనుకున్నాను. నేను ఇలాంటి మనిషినని నాకు తెలియదు.

ఆగస్టు 2, శనివారం

సాహికి ఒళ్ళు వెచ్చగా ఉంది. సుకుమార్ పళ్ళు వస్తున్నాయన్నాడు. అత్తమ్మ కూడా పళ్ళే అంది. నేను కూడా పళ్ళే అన్నాను.

ఆగస్టు 5, మంగళవారం

అంగన్‌వాడీలో బరువు చూశారు. పోయిన నెల కంటే తగ్గింది. టీచరు చార్టులో చుక్క పెట్టి, గీత కిందికి దిగితే పెన్ను అక్కడే ఆపింది. "తింటలేదా?" అని అడిగింది.

"తల్లి పాలు సరిపోతలేవేమో" అంది అత్తమ్మ, నన్ను నొప్పించకుండా మెల్లగా.

సాహి రాత్రంతా సన్నగా దగ్గింది. పిల్లి తుమ్మినట్టు చిన్న దగ్గు. అత్తమ్మ గురకలో వినలేదు. నేను విన్నాను. దేవుడా, నా పాలు కాదు, నా ఊపిరి.

ఆగస్టు 6, బుధవారం

పొద్దున దగ్గితే రుమాలులో ఎర్రగా పడింది. చిగుళ్ళ నుంచి అని రాయాలనిపించింది. రాయను.

నీళ్ళు తగ్గాయి, బస్సులు మొదలయ్యాయి. రోడ్డంతా బురద. దవాఖానాకు పోగానే ఫోను బ్యాగులో పడేసి సోమ్లాను డబ్బా అడిగాను. అతను ఏమీ అడగకుండా ఇచ్చాడు. గోడ వెనకకు పోయి, ఊపిరి నిండా పీల్చి, పొట్ట పట్టుకుని దగ్గాను. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా దగ్గాను. వచ్చింది.

మిషన్ నడిచినంతసేపూ బెంచీ మీద కూర్చున్నాను. సోమ్లా మాస్కు పెట్టుకుని బయటికి వచ్చాడు.

"ఉన్నది మేడం."

నాకు ముందే తెలుసు. సోమ్లా వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు.

"మొన్నటిది ఉమ్మి అని నాకెరుకనే మేడం. డబ్బ చూడంగనే ఎరుకైంది. మీరు పెద్దోళ్ళు, మా పనికి లెక్క గట్టెటోళ్ళు. మీ మొఖం మీద ఇది ఉమ్మి, మళ్ళ తెమ్మని ఎట్ల అనాలె? బొజ్జయ్య తాతకైతే పదిసార్లు అంట. మీకు అనలేకపోయిన. నాదే తప్పు."

నాకూ తెలుసు సోమ్లా, తెలిసే ఇచ్చాను అని నాలుక చివరిదాకా వచ్చింది. నోరు దాటి రాలేదు.

ఆగస్టు 7, గురువారం

నిన్న ఫోనులో సంగతి చెబితే సుకుమార్ పొద్దున మొదటి బస్సుకే వచ్చాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. నన్ను వెంటబెట్టుకుని దవాఖానాకు పోయాడు. ఆయన గొంతు అంత పెద్దదని నేను ఎరగను.

"మొన్న లేదని రాసిస్తివి, నిన్న ఉన్నదంటివి. పరీక్ష చేసినవా, పేకాట ఆడినవా? నీ కాగితం నమ్మి నా బిడ్డను తల్లి పక్కల పండబెట్టినం. ఇప్పుడు దానికి జొరమొస్తుంది. ఎవడు జవాబు చెప్పాలె?"

జనం గుమికూడారు. సోమ్లా తల వంచుకున్నాడు. "నా తప్పే సార్" అన్నాడు. డాక్టరమ్మ బయటికొచ్చి రెండు కాగితాలూ చూసి, సోమ్లాను సంజాయిషీ రాసిమ్మంది. విచారణ అయ్యేదాకా సోమవారం నుంచి రావద్దంది. కాంట్రాక్టు మనిషిని రావద్దంటే ఏమిటో అక్కడ అందరికీ తెలుసు.

నేను బెంచీ మీద కూర్చున్నాను. నేనేమీ అనలేదు. నా మూతికి మాస్కు ఉంది, నేను మాట్లాడుతున్నానో లేదో కూడా ఎవరికీ తెలియదు. నేనేమీ అనలేదు.

నాకు మందులు మొదలుపెట్టారు. రేపు సాహిని తీసుకురమ్మన్నారు.

ఆగస్టు 8, శుక్రవారం

చెప్పేశాను.

పొద్దున సాహిని దవాఖానాకు తయారు చేస్తున్నాం. అత్తమ్మ లంగోటీ కడుతూ "ఆ పిల్లగాని చెయ్యి పడిపోను" అంది. ఆ మాట నేను తట్టుకోలేకపోయాను.

"అతన్ని అనకు అత్తమ్మా. నేను ఉమ్మి ఇచ్చిన."

ఇద్దరికీ అర్థం కాలేదు. "ఉమ్మి ఇచ్చినవ్, అయితే ఏంది?" అన్నాడు సుకుమార్. అవును మరి, వాళ్ళకు రెండూ ఒకటే. అప్పుడు విడమరిచి చెప్పాను. ఉమ్మి నోట్లోది, తెమడ ఊపిరితిత్తుల్లోది. తెమడ వచ్చింది, మింగేసిన. లేదని కాగితం రావాలని ఉమ్మి ఇచ్చిన. తెలిసే ఇచ్చిన.

సుకుమార్ మంచం మీద కూలబడ్డాడు. "ఎందుకు గ్రేస్?" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"పిల్లను నా దగ్గర్నుంచి తీసుకుపోతరని."

అత్తమ్మ లేచి వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించింది. దాని మీద గిన్నె లేదు. మంట మండుతూనే ఉంది, ఆమె చూస్తూ నిలబడింది. నేనే పోయి కట్టేశాను. ఆమె పక్కకు జరగలేదు, నన్ను చూడనూ లేదు.

డాక్టరమ్మ ముందు కూడా మొత్తం చెప్పాను. సోమ్లాను పిలిపించి అతని ముందు చెప్పాను. అతను నన్ను ఒక్కసారి చూసి కళ్ళు దించుకున్నాడు. సుకుమార్ చేతులు జోడించాడు. డాక్టరమ్మ సంజాయిషీ కాగితం చింపేసింది, కానీ సోమ్లాకు చీవాట్లు తప్పలేదు. "కలెక్టరు వచ్చి ఉమ్మి ఇచ్చినా వాపస్ పంపాలె" అంది. నన్ను ఏమీ అనలేదు. ఇంకా ఎవరూ నన్ను ఏమీ అనడం లేదు.

ఈ వయసు పిల్లలు తెమడ ఉమ్మలేరు, మింగేస్తారట. తెల్లవారగానే పరగడుపున ముక్కులోంచి కడుపులోకి సన్న గొట్టం వేసి, ఆ నీళ్ళు తీసి పరీక్ష చేయాలట.

ఆగస్టు 11, సోమవారం

అత్తమ్మ తల పట్టుకుంది. నేను కాళ్ళు పట్టుకున్నాను. రాజ్యశ్రీ గొట్టం వేసింది. సాహి అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది. అరుస్తూ నావైపే చేతులు చాచింది. ఆ కాళ్ళను కదలకుండా పట్టుకున్నది నేనే.

వచ్చింది కొంచెం. సోమ్లా లోపలికి తీసుకుపోయాడు. కాసేపటికి అదే చేత్తో బయటికి తెచ్చాడు.

"అమ్మా" అన్నాడు. మేడం అనలేదు. "ఇది సరిపోదు. చాన తక్కువున్నది. రేపు పొద్దుగాల మళ్ళ తియ్యాలె."

నా కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. సుకుమార్ మొహం తిప్పుకున్నాడు. ఉన్నదాంతోనే ఎలాగో చేసెయ్యి సోమ్లా, నీకు దండం పెడతాను, పిల్లకు మళ్ళీ ఆ గొట్టం వద్దు అనాలని గొంతు దాకా వచ్చింది. అడిగితే ఇప్పుడు కూడా కాదనలేడేమో.

"సరే, మళ్ళ తీద్దాం" అన్నాను.

ఆగస్టు 12, మంగళవారం

పొద్దున నన్ను చూసి నవ్వింది, గొట్టం చూసి ఏడ్చింది. ఈసారి సరిపోయింది.

సాహికి ఉంది.

ఆగస్టు 13, బుధవారం

నయమవుతుందని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. తొందరగానే దొరికింది, మందులు సక్రమంగా వేస్తే పిల్ల మామూలుగా పెరుగుతుందట. సుకుమార్ అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగాడు, ఆమె అదే జవాబు మళ్ళీ మళ్ళీ ఇచ్చింది. నేను వింటున్నాను కానీ నమ్మకం చాలడం లేదు. నయమయ్యేదాకా ఈ భయం నన్ను వదలదు. వదలొద్దు కూడా.

రాజ్యశ్రీ సాహికి కార్డు రాస్తూ అడిగింది. "బిడ్డకు ఎవరికెల్లి అంటింది?"

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అంది, "మా ఇంట్లకెల్లే బిడ్డా."

"ఇంట్ల ఎవరికెల్లి అని రాయాలె అమ్మా."

సుకుమార్ వాకిట్లోకి చూస్తున్నాడు. "నా నుంచే. తల్లి నుంచి అని రాయండి" అన్నాను. రాజ్యశ్రీ రాసింది.

మాత్రను నీళ్ళలో కరిగించి చెంచాతో పోశారు. సాహి మొహమంతా ముడుచుకుని ఏడ్చింది. నేను లేచి గుమ్మం దగ్గరికి పోయాను. కార్డులో ఆ మాట పడ్డాక పిల్ల దగ్గర కూర్చునే మొహం నాకు లేదనిపించింది. నాలుగైదు రోజులుగా అత్తమ్మ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పాలకు పిల్లను సుకుమార్ చేతికిచ్చి పంపుతోంది.

"ఏడికి పోతున్నవ్?" అంది వెనక నుంచి. "ఇట్ల రా. మూతికి గుడ్డ మంచిగ కట్టుకో. చేదుకు కక్కుతది, జల్దీ పాలియ్యి."

బెంచీ మీద కూర్చున్నాను. పిల్లను తెచ్చి నా ఒడిలో పెట్టి, నా పక్కనే, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా కూర్చుంది. సాహి పాలు తాగుతూ నా మాస్కు లాగబోయింది. అత్తమ్మ ఆ చిన్న చేతిని తన చేతిలోకి తీసుకుని, తాగినంతసేపూ పట్టుకునే ఉంది.